మెట్లకాడ

నంద్యాల,
ఫిబ్రవరి 2, 2025

ప్రియమైన పెద్దమ్మకు,

కీర్తన వందనాలు. నీ ఫోను ఇంకా రిపేరులోనే ఉందంటే నవ్వొచ్చింది. ఇన్ని నెలల రిపేరులో కొత్త ఫోనే తయారుచేయొచ్చు. రూబెన్ అన్న ఫోనుకు నేను బారెడు మెసేజులు పెడితే, అన్న అవన్నీ చదివి నీకు "పాప బాగుందంట" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాడని వదిన చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఏం పాపా, కోర్టు కేసా?" అన్నాడు. మా పెద్దమ్మకు రాస్తున్నానన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

అసలు సంగతి ఇది. నిన్న నేను కమలాక్షి మాల్ లోపలికి పోయాను.

నువ్వు ఎనిమిదేళ్లు నిలబడిన మాలే. మూతపడ్డాక నేనెప్పుడూ దానివైపు సరిగా చూడలేదు. బ్యాంకు పరీక్షల కోచింగుకు రోజూ దాని ముందు నుంచే పోతాను. అద్దాల మీద సినిమా పోస్టర్లు, వాటి మీద కోచింగ్ సెంటర్ల పోస్టర్లు, వాటి మీద పాన్ మరకలు. నిన్న వాచ్‌మన్ గురవయ్య తాత షట్టరు సగం ఎత్తి ఊడుస్తున్నాడు. "లూదియమ్మ చెల్లెలి కూతురివి గదా, రా" అన్నాడు. వంగి దూరాను.

లోపల చీకటి లేదు, మాసిన వెలుతురు ఉంది. గుడ్డలు లేని బొమ్మలు ఒక మూల బస్సు కోసం నిలబడినట్టు నిలబడి ఉన్నాయి. ఒకదానికి చెయ్యి లేదు, అయినా నవ్వుతోంది. మధ్యలో నీ నడిచే మెట్లు. ఇప్పుడు నడవడం లేదు. అయినా మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఒళ్లు ముందుకు తూలింది. నాకు తెలుసు అది ఆగిపోయిందని, కాలికి మాత్రం తెలియలేదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మొదటిసారి నువ్వే ఎక్కించావు. నీలం చీర, గుండె మీద బ్యాడ్జీ. కొత్త మాల్‌లో మెట్లెక్కడానికి భయపడే ఆడవాళ్ల చెయ్యి పట్టుకోవడమే నీ ఉద్యోగం అంటే మా క్లాసులో ఎవరూ నమ్మలేదు. "చెయ్యి పట్టుకుంటే జీతమిస్తారా?" అన్నారు.

ఆ మెట్ల మీద కూర్చుని నాకొక సంగతి తట్టింది. ఈ ఊర్లో ఆడపిల్ల ఊరికే కూర్చోవడానికి చోటు లేదు. కొనాలి, లేదా మొక్కాలి, లేదా బస్సు కోసం ఎదురుచూడాలి. హైదరాబాదు ఉద్యోగం వదిలేసి వచ్చినప్పటి నుంచి నేను చదువుకోవడానికి చోటు వెతుక్కుంటూనే ఉన్నాను. ఇంత పెద్ద చోటు ఊరి నడుమ ఖాళీగా పడి ఉంది.

బయటికొచ్చేసరికి దాని ఓనరు రామయ్య గారు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఇప్పటికీ వారానికొకసారి వచ్చి కూర్చుంటాడంట.

"ఏం పాపా, కొనేదానికి లోపల ఏమీ లేదు గదా. ఏం సూస్తాండావ్?"

"చోటు చూస్తున్నా తాతా" అన్నాను. నా ఆలోచన చెప్పాను. చదువుకునే పిల్లలకు, కుట్టుపని చేసుకునే వాళ్లకు, ఎండనపడి టౌనుకొచ్చే పల్లె ఆడవాళ్లకు.

ఆయన తలెత్తి మాల్ గోడవైపు చూశాడు. తర్వాత అన్నాడు: "ఉయ్యాలవాడకాడ చేనమ్మి కట్టినా దీన్ని, జనం వస్తారని. విత్తనాల కంపెనీవాళ్లు గోడౌనుకు అడుగుతాండారు. మృగశిర కార్తెకు ఇస్తామన్నా. ఆలోపల జనం వస్తే మీది. రాకపోతే మూటలది."

ఎగిరి గంతేశాను పెద్దమ్మా. నువ్వొకసారి వచ్చి చూడు. ఎప్పుడొస్తావు?

నీ
కీర్తన


ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 10

పాప కీర్తనకు,

దేవుని కృపవల్ల అందరం క్షేమం. నీ ఉత్తరం చదివి పెట్టె కింద పెట్టినా, మళ్లీ తీసి చదివినా.

ఆ మెట్లు మొదలైన దినాలు నీకు తెలియవు. శిరివెళ్ల నుంచి, పాణ్యం నుంచి ట్రాక్టర్లలో వచ్చేవాళ్లు, కొనేదానికి కాదు, ఎక్కేదానికి. మెట్లకాడికొచ్చి చెప్పులు విడిచేవాళ్లు. ఎవరూ విడవమనలేదు. తెల్లగా మెరుస్తాండాది, మనిషిని మోస్తాండాది, దాన్ని చెప్పుకాలితో ఎట్ల తొక్కేది? పైకి పోయినంక తెలిసేది, దిగే దారి వేరే అని, చెప్పులు కిందే ఉన్నాయని. నేను చీరల అట్టపెట్టెలో వాటిని పెట్టుకుని వెనక మెట్ల మీదుగా పైకి మోసుకుపోయేదాన్ని. మేనేజరు తిట్టేవాడు. నా ఉద్యోగంలో ఒక్క జత తారుమారు కాలేదు.

"కుడికాలు పెట్టు. కిందికి సూడొద్దు, నన్ను సూడు. ఇప్పుడు!" అనేదాన్ని. ఒకామె నా చెయ్యి నలిగిపోయేటట్టు పట్టుకుని, "మెట్టినింట్లో కాలు పెట్టేటప్పుడు కూడా ఇంత బయపడలేదు తల్లీ" అనింది. ఇంకొకామె పైకి చేరినాక నాకు దండం పెట్టింది.

రామయ్య గారి భార్య కమలాక్షమ్మను ఎప్పుడన్నా చూసినావా? మాల్‌కు ఆమె పేరే. ఆమె గురించి ఒక మాట ఉంది. రాయకూడదు, మాటిచ్చినా.

నేను రాలేను. మోకాళ్లు. మొన్న నువ్వొచ్చి తలుపు కొట్టి కొట్టి పోయినావని పక్కింటామె చెప్పింది. పెరట్లో ఉన్నా. ఈ శిల్పుల షెడ్ల పక్కన, ఉలి దెబ్బల్లో ఎవరికేం వినపడుతుంది? మనసులో పెట్టుకోవద్దు.

ఫోను ఇంకా రాలేదు. ఉత్తరమే రాయి.

పెద్దమ్మ
లూదియా


నంద్యాల,
మార్చి 1

పెద్దమ్మా,

చేతులు చూస్తే నువ్వు నన్ను గుర్తుపట్టవు. రెండు వారాలు కడిగాం. నేను, గురవయ్య తాత, కోచింగులో నా పక్కన కూర్చునే పాణ్యం జయలక్ష్మి. చర్చి నుంచి సువార్తమ్మ గారు రెండు కుట్టు మిషన్లు పంపించారు. అవి ఇప్పుడు లిప్‌స్టిక్కులు అమ్మిన కౌంటరు వెనక ఉన్నాయి. ఆ కౌంటరుకు ఇంకా వాసన పోలేదు. మిషను తొక్కుతుంటే ఎవరో పెళ్లికి తయారవుతున్నట్టుంటుంది.

పై అంతస్తులో ట్రయల్ రూములున్నాయి కదా, అవి చదువుకునే గదులు. ఒక్కరు పట్టే చోటు, తలుపు, గొళ్లెం. ఇంతకంటే ఏం కావాలి? జయలక్ష్మి మొదటిరోజు ఒకదాంట్లో కూర్చుని లెక్కలు చేసి, కాసేపటికే బయటికొచ్చింది. "లెక్క తప్పినప్పుడల్లా నా మొగమే నన్ను సూస్తాందే" అంది. అద్దాలకు పాత పేపర్లు అంటించాం.

పైన తూర్పు గోడకు పెద్ద ప్రకటన బోర్డు బిగించి ఉంది, నగల ప్రకటన. వెనక నుంచి బోల్టులు ఊడదీసి చూస్తే అక్కడ కిటికీలు! కొనడానికొచ్చినవాళ్లు బయటికి చూడకూడదని మూసేసినట్టున్నారు. బోర్డు దించగానే నల్లమల కొండలు కనిపించాయి. గాలి వచ్చింది. ఎనిమిదేళ్లు పనిచేసిన నీకు కూడా తెలియదు కదూ, మాల్‌లో నుంచి కొండలు కనిపిస్తాయని?

ఇంత చేసి, గుమ్మం మీద నీలం అక్షరాలతో బోర్డు రాయించాను: "కమలాక్షి కమ్యూనిటీ హాల్. అందరికీ ఆహ్వానం."

ఎవరూ రాలేదు.

పది రోజులైంది. అద్దంలోంచి తొంగి చూస్తారు, నాతో కళ్లు కలిస్తే పోతారు. నవ్వుతూ నిలబడి నిలబడి నా మొహం ఆ చెయ్యిలేని బొమ్మ మొహంలా అయింది. నిన్న రామయ్య గారు వచ్చి కుర్చీలో కూర్చుని, లోపలికి ఒకసారి చూసి, ఏమీ అనకుండా పోయాడు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వుంటే ఏం చేసేదానివి?

కీర్తన


ఆళ్లగడ్డ,
మార్చి 7

పాపా,

నువ్వు లోపల నిలబడి ఎదురుచూస్తాండావు. నేను ఎప్పుడూ పైన నిలబడి "రాండి" అనలేదు. కింద, వాళ్ల పక్కన నిలబడేదాన్ని. బయటికి పో. ముసుగేసుకుని బస్సుకొచ్చినదాని మాదిరి నిలబడు. జనం ఏమనుకుంటాండారో జనంలో నిలబడితేనే తెలుస్తుంది.

కొండల సంగతి నిజంగా తెలియదు.

లూదియా


నంద్యాల,
మార్చి 16

పెద్దమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను. తల మీద చున్నీ కప్పుకుని గుమ్మం పక్కన పూలవ్వ బుట్ట దగ్గర నిలబడ్డాను. పొద్దెక్కింది. ఇద్దరు ఆడవాళ్లు, చంకలో పిల్లలు, శిరివెళ్ల వైపు వాళ్లు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"అక్కా, లోపల నీడగుంది. పోదామా?"

"ఏందో రాసినారు సూడు. కమ్యూనిటీ హాలంట."

"యా కమ్యూనిటీది?"

"కట్టింది రామయ్య గదా. వాళ్లదే ఉంటాది. మనల్ని రానిస్తారా ఏందీ?"

పూలవ్వ దారం కొరుకుతూ అందుకుంది: "కాదులేమ్మా. చర్చోళ్లదంట. సువార్తమ్మ మిషన్లు తెచ్చి పెట్టింది. పోతే పాటలు పాడిస్తారు."

ఆటో అతను తల బయటపెట్టాడు. "ఎవురిదీ కాదు. అందరికీ ఆహ్వానం అని రాసినారంటే లోపల ఏదో అమ్ముతాండారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డిగ్రీలో కమ్యూనిటీ అనే మాట మీద రెండు పేజీల జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అందరూ కలిసి బతకడం, పంచుకోవడం, ఇంకా ఏమేమో. కానీ మన ఊర్లో "మీ కమ్యూనిటీ ఏంది?" అని అడిగితే ఏమడుగుతున్నారో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదా? హాస్టల్లో చేరిన రోజు నన్ను మొదట అడిగిన ప్రశ్న అదే. తెలిసి తెలిసి దాన్నే తీసుకెళ్లి నీలం అక్షరాల్లో గుమ్మానికి కట్టాను. రామయ్య గారి వాళ్లు చర్చిదనుకున్నారు, చర్చి వాళ్లు రామయ్య గారి వాళ్లదనుకున్నారు, మిగిలినవాళ్లు ఇద్దరిదీ అనుకున్నారు. అందరికీ అని రాసి ఒక్కరినీ రానివ్వలేదు నేను.

సాయంత్రం నిచ్చెనెక్కి నేనే తెల్లరంగు పూసేశాను. ఇప్పుడు గుమ్మం మీద తెల్ల పలక ఉంది. "ఇప్పుడేం రాస్తావు?" అని గురవయ్య తాత కింద నుంచి అడుగుతున్నాడు. నాకొచ్చిన మంచి మాటలన్నీ పుస్తకాల మాటలే. సమాజం, సంఘం, సామూహికం. సంఘం అంటే మళ్లీ మన చర్చే అనుకుంటారు. నిచ్చెన మీద కూర్చుండిపోయాను.

కీర్తన


ఆళ్లగడ్డ,
మార్చి 24

పాపా,

ఆటోవాని మాట చదివి నవ్వినా. నవ్వి నవ్వి మనవరాలు లేచింది.

దానికి పేరెందుకు వెతుకుతావు? జనం ఎప్పుడో పెట్టినారు. కమలాక్షి మాల్ అని ఎవరన్నారు? సంచుల మీద ఉండేది ఆ పేరు. నోట్లో ఉండేది వేరే. "యాడున్నావ్?" "మెట్లకాడ." "బిడ్డ తప్పిపోతే యాడికి రావల్ల?" "మెట్లకాడికి." రెండూళ్ల చెల్లెళ్లు కలుసుకోవాలంటే మెట్లకాడ. పిల్లను చూసేదానికొచ్చిన పిల్లోని వాళ్లు, ఊరికే బట్టలకొచ్చినట్టు మెట్లకాడ నిలబడేవాళ్లు. పిల్ల వాళ్లు పైనుంచి చూసేవాళ్లు. కుదిరితే కిందికి దిగేవాళ్లు, కుదరకపోతే చీరలు చూస్తా ఉండిపోయేవాళ్లు. అట్ల ఎన్ని కుదిరినాయో నాకు తెలుసు, వాళ్లకు నేను ఎవరో తెలియదు.

మెట్లకాడ ఎవరి ఇల్లూ కాదు. గుడి కాదు, చర్చి కాదు. ఆడ నన్నెవరూ నువ్వెవరి పిల్లవని అడగలేదు. చెయ్యి చాపితే పట్టుకున్నారు. మా వీధికి వస్తే నీళ్లు తాగని వాళ్లు కూడా పట్టుకున్నారు. బయం ముందర ఇంకేమీ గుర్తురాదు గదా.

ఆ మాటే రాయి. ఆహ్వానం గీహ్వానం వద్దు.

లూదియా


నంద్యాల,
ఏప్రిల్ 27

పెద్దమ్మా,

ఇన్నాళ్లు రాయనందుకు తిట్టుకుని ఉంటావు. రాయడానికి తీరిక లేకపోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి.

"మెట్లకాడ" అని రాయించాను, అంతే. రంగు ఆరకముందే పూలవ్వ తలెత్తి చదివించుకుని, "ఓ, మెట్లకాడనా!" అని బుట్ట ఎత్తుకుని లోపలికొచ్చి కూర్చుంది. ఆమె వెనక శిరివెళ్ల ఆడవాళ్లు. ఆ తర్వాత ఎవరు ముందు, ఎవరు వెనక అని నాకు గుర్తులేదు. ఎండలు ముదిరేసరికి కింది అంతస్తు నిండింది. డ్రెస్సులు వేలాడదీసే స్టీలు కడ్డీలు ఉన్నాయి చూడు, వాటికి పాత చీరలు కట్టి ఉయ్యాలలు వేశారు. నేను చెప్పలేదు, వాళ్లకే తోచింది. ఒకప్పుడు వేల రూపాయల చీరలు వేలాడిన కడ్డీకి ఇప్పుడు పిల్లలు వేలాడుతున్నారు. ఒక్కొక్క బొమ్మ మెడలో టేపు వేసి జాకెట్ల కొలతలు నేర్పిస్తున్నారు సువార్తమ్మ గారు. చెయ్యిలేని దానికి ఎక్కువ గిరాకీ, చంక కొలత సులభమంట.

చెప్పులు మళ్లీ వచ్చాయి పెద్దమ్మా. మెట్ల పాదం దగ్గర, నువ్వు రాసినట్టే, కుప్పలు.

కానీ అక్కడితో ఆగిపోయారు. పైకి నేను, జయలక్ష్మి, మరో నలుగురు ఆడపిల్లలు తప్ప ఎవరూ ఎక్కరు. వెనక మెట్లు చీకటి, గబ్బిలాలు. ఈ మెట్లేమో, "ఆగిందని నువ్వంటాండావు. నడుమకు పోయినాక కదిలితే?" అంటారు. కరెంటు లేదని మెయిన్ స్విచ్చి తెరిచి చూపించాను. "యంత్రాన్ని నమ్మేదెట్ల?" అంది పూలవ్వ.

నిన్న రామయ్య గారు చూసి సంతోషపడ్డాడు. కుర్చీ లోపలికి వేయించుకున్నాడు. కానీ మాట మాటే. "కింద మీరు. పైన ఎవరూ ల్యారు. పైదంతా కంపెనీకి ఇస్తా. వాళ్లు మూటలు ఎక్కించేదానికి ఈ మెట్లు పీకేస్తామంటాండారు, ఆడ లిఫ్టు పెడతారంట."

మెట్లు పీకేస్తే మెట్లకాడ ఎక్కడిది?

ఇప్పుడొక మాట రాస్తాను, కోప్పడవద్దు. నేను నీ ఇంటి తలుపు కొట్టింది ఆదివారం సాయంత్రం. షెడ్లన్నీ మూసి ఉన్నాయి. ఉలి చప్పుడు లేదు. క్రిస్మస్ ఆరాధనలో పాట అయిపోయినాక నువ్వు ఒక్కదానివే ఇంకో చరణం పాడావు. పాస్టరు గారు కళ్లు మూసుకున్నారు, అందరం భక్తి అనుకున్నాం. నేనూ అనుకున్నాను. ఈ మధ్య రాత్రి ఆ పాట గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. ఫోను రిపేరుకు పోలేదు కదా పెద్దమ్మా?

ఎలా ఉన్నా సరే, రా. ఆ మెట్లకు నువ్వు కావాలి.

కీర్తన


ఆళ్లగడ్డ,
మే 6

కీర్తనా,

కోపమొచ్చింది. నీ ఉత్తరం అల్మారా మీదికి విసిరేసి రెండు దినాలు దాని పక్కకు పోలేదు.

ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది క్రిస్మస్‌కు ముందర. రూబెన్ మిషను పెట్టించినాడు. పెట్టుకుంటే ఆళ్లగడ్డ శిల్పులందరూ నా తలనే చెక్కుతాండారనిపించింది. తీసి డబ్బాలో పెట్టినా. పాట సంగతి నువ్వు రాసేదాకా నాకు తెలియదు. ఒక్కదాన్నే పాడినానా? ఎవరూ చెప్పలేదే. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోతాంది.

ఆ మెట్లకాడ నా పని చెయ్యి కాదు, గొంతు. "ఇప్పుడు" అనే మాట అదునుకు పడల్ల. ఒక్క రెప్పపాటు ముందు పడితే ఆమె తూలుతుంది, వెనక పడితే చీర అంచు ఇరుక్కుంటుంది. ఇప్పుడు నా గొంతు నాకే వినపడదు. అరుస్తానో గొణుగుతానో తెలియదు. పిలిస్తే పలకకపోతే దీనికి పొగరంటారు. నలుగురిలో నిలబడి నవ్వులపాలు కాలేను. ఆడ నన్ను బాగా తలుచుకునే వాళ్లున్నారు, అట్లే తలుచుకోనీ.

రాను. మళ్లీ అడగొద్దు.

లూదియా


నంద్యాల,
మే 12

పెద్దమ్మా,

మళ్లీ అడుగుతున్నాను, ఒక్కసారే.

మెట్లు నడవవు. నడవని మెట్లకు అదును ఎక్కడిది? "ఇప్పుడు" అనాల్సిన పనే లేదు. ఎప్పుడైనా ఎక్కొచ్చు. నువ్వు నోరు తెరవనక్కరలేదు. చెయ్యి చాపు, చాలు.

పూలవ్వకు నీ సంగతి చెప్పాను. తప్పో ఒప్పో, చెప్పేశాను. ఆమె అన్న మాట: "చెవుడా? ఇంకా మంచిదే. బయపడి ఏడిస్తే ఆమెకు వినపడదు."

కార్తె దగ్గరికొచ్చేసింది. నెలాఖరు శనివారం పొద్దున ఆళ్లగడ్డ బస్సు వచ్చే వేళకు బస్టాండులో ఉంటాను. నువ్వు దిగకపోతే ఒక్కదాన్నే వెనక్కి నడుస్తాను. ఏమీ అనుకోను.

కీర్తన


నంద్యాల,
జూన్ 2

పెద్దమ్మా,

చెప్పకుండా వెళ్లిపోయావు! పైనుంచి దిగి చూస్తే నువ్వు లేవు. బస్సు టైమైందని పరుగెత్తిందని గురవయ్య తాత చెప్పాడు.

కింద నువ్వేం చేశావో నాకు తెలియదు, పైన నేనేం చూశానో నీకు తెలియదు. అందుకే నా సగం రాస్తున్నాను.

మొదట పూలవ్వ తల కనిపించింది, తర్వాత నీ చెయ్యి, తర్వాత ఆమె నోరు. అదేపనిగా ఏదో అంటోంది, నువ్వు వినపడనట్టు, నిజంగానే వినపడక, ముందుకు నడిపిస్తున్నావు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. పైకొచ్చిన ప్రతి ఒక్కరూ ఒకే పని చేశారు, వెనక్కి తిరిగి కిందికి చూసి నవ్వారు. ట్రయల్ రూములు చూసి పూలవ్వ, "ఈడ నా మనవరాలు చదువుతాది" అని ఒకదాని గొళ్లెం వేసి చూసుకుంది.

రామయ్య గారు వెనక చీకటి మెట్ల మీద నుంచి వచ్చి, పైన నిలబడి అందరినీ చూస్తున్నాడు. అప్పుడు నీ చెయ్యి పట్టుకుని ఒకామె వచ్చింది. సన్నగా, తెల్లజుట్టు, కళ్లు నీ మొహం మీదే. రామయ్య గారు కుర్చీ పట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఎవరో.

"కమలా! నీకు మోకాళ్ల నొప్పులన్నావు గదే? పన్నెండేళ్లాయ!"

"మోకాళ్లకేమైంది?" అందామె. "బయమైతే బయమని యాడ చెప్పేది? నీ మాల్‌కు నా పేరు పెడితివి. అందరి ముందర నేను మెట్టెక్కలేకపోతే నీ పరువు పోదా?"

ఆమె తూర్పు కిటికీ దగ్గరికి నడిచింది. కొండలవైపు చాలాసేపు చూసింది. "ఇంత బాగుంటాదని నాకెవరూ చెప్పలేదే" అంది. రామయ్య గారు ఆమె పక్కకు నడిచాడు. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. వాళ్ల వెనక ఒక పిల్ల శాతాల లెక్కలు గట్టిగా చదువుకుంటోంది.

కాసేపటికి ఆయన ఫోను తీశాడు. కంపెనీవాళ్లకు. ఒక్కటే మాట: "సోటు ల్యాదప్పా. మనుషులుండారు."

కమలాక్షమ్మ గారిని నేనే కిందికి దించాను. చెప్పులు వేసుకుని, ఒక్క క్షణం నిలబడి కాళ్లవైపు చూసుకుంది. ఏమైందమ్మా అన్నాను. "ఏం లేదు" అని కారెక్కింది. నవ్వుతోంది. ఎందుకో నాకు తెలియదు.

మళ్లీ ఎప్పుడొస్తావు?

కీర్తన


ఆళ్లగడ్డ,
జూన్ 7

పాపా,

నా సగం ఇది.

ప్రారంభం రోజు రిబ్బను కత్తిరించినాక కమలాక్షమ్మ మెట్లకాడికొచ్చి నా చెయ్యి పట్టుకునింది. చెయ్యి చల్లగా ఉండాది. "నావల్ల కాదు, ఏదో ఒకటి చెప్పు" అని చెవిలో అనింది. అమ్మగారికి మోకాళ్లు అని నేనే గట్టిగా చెప్పినా. ఎవరికీ చెప్పనని మాటిచ్చినా. నీకు రాయనిది అదే. ఇప్పుడు ఆమే చెప్పుకునింది గాబట్టి రాస్తాండా.

నేనొస్తానని ఎవరో చెప్పినట్టుంది, శనివారం ఆమె వచ్చి నా ముందర నిలబడింది. పెదాలు కదిలినాయి. చూసి చదివినా. "లూదియా, ఆ మాట ఎవరికన్నా చెప్పినావా?" "లేదమ్మా" అన్నా. ఎంత గట్టిగా వచ్చిందో ఏమో, ఆ హాలంతా తిరిగి చూసింది, ఉయ్యాల్లో బిడ్డ ఏడ్చినట్టుంది. ఆమె నవ్వింది. నాకు సిగ్గేయలేదు. చెయ్యి చాపినా. అదే చెయ్యి, అదే చల్లదనం. మాట లేకుండా ఎక్కితే తెలిసింది పాపా, ఇన్నాళ్లూ నా గొంతు విని కాదు వాళ్లు ఎక్కింది. నడుమకు పోయేసరికి ఆమె చెయ్యి వెచ్చబడింది. దానికి చెవులు అక్కరలేదు.

ఇంకొకటి. బస్సు పోతుందని గాబరాలో కుప్పలోంచి చెప్పులు తొడుక్కుని పరుగెత్తినా. శిరివెళ్ల దాటినాక చూసుకుంటే అవి నావి కావు. మెత్తటి తోలు, వెనక బకిలీ. నావి రబ్బరువి, ఒక పట్టీకి పిన్నీసు కూడా ఉంది. ఎనిమిదేళ్లు ఊరందరి చెప్పులు మోసినా, ఒక్క జత తారుమారు కాలేదు. నా జతనే మార్చుకున్నా.

కమలాక్షమ్మ కులపోళ్ల వీధిలో పోవాలంటే మా అమ్మ చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేది. నేను చిన్నప్పుడు చూసినా. బస్సులో అది గుర్తొచ్చి కాళ్లు సీటు కిందికి లాక్కున్నా. మళ్లీ చాపినా. ఎవరూ చూడలేదు, కిటికీలోంచి గాలి వస్తాండాది.

ఆమె కాళ్లవైపు చూసుకుని నవ్విందని రాసినావు. నాకు అర్థమైంది.

సోమవారం వస్తా. చెప్పులు తెస్తా, కాళ్లకు వేసుకునే తెస్తా. ఆమె అడిగితే ఇచ్చేస్తా. అడగకపోతే నేనూ అడగను. సరిగ్గా సరిపోయినాయి పాపా.

పెద్దమ్మ
లూదియా